ఏర్, ఈర్, పాణి, నీళ్ళు: మూడో తరగతిలో నోరు విప్పని ఒక పిల్లవాడి కేస్ స్టడీ

ముందుగా ఒక మాట. ఇందులో ఊరి పేరు, మండలం పేరు, బడి పేరు రాయలేదు. పిల్లవాడి పేరు మార్చాను. ఇంటి వివరాలు ఒకటి రెండు కావాలనే తారుమారు చేశాను. నేను చేసిన పనులు మాత్రం చేసినట్టే రాస్తున్నాను. వాటిలో సగం తప్పులు.

నేపథ్యం

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఏజెన్సీలో ఒక ప్రాథమిక పాఠశాల. ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు మేడం చూసేవారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో నా దగ్గర. 2022-23లో నా గదిలో 27 మంది: 14 మంది గోండు పిల్లలు, పక్క తండా నుంచి నడిచొచ్చే 6 మంది లంబాడా పిల్లలు, 4 కోలాం పిల్లలు, ఇంట్లో మరాఠీ మాట్లాడే ముగ్గురు. పొద్దున గంట కొట్టేసరికి గదిలోకి నాలుగు భాషలు వచ్చి కూర్చుంటాయి. పుస్తకంలో ఇంకో రెండు. ఆ ఏడాదే ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు వచ్చాయి. మా మేడం ఆ పుస్తకం తిరగేసి, "రెండు పేజీలున్నాయి సార్, రెండూ వీళ్ళవి కావు" అన్నారు.

బయటివాళ్ళకు 'ఆదివాసీ పిల్లలు' అంటే ఒకే గుంపు. అక్కడికి వెళ్ళిన కొత్తలో నాకూ అంతే. గోండీ, కోలామీ రెండూ ద్రావిడ భాషలే, మన తెలుగుకు చుట్టాలే. అయినా ఒకటి వచ్చినవాడికి రెండోది దానంతటది రాదు. మా ఊళ్ళో కోలాంలు అందరికీ గోండీ వచ్చు. గోండులకు కోలామీ రాదు. తక్కువమంది ఉన్నవాళ్ళే ఎక్కువమంది ఉన్నవాళ్ళ భాష నేర్చుకోవాలి, ఎక్కడైనా ఇంతే. లంబాడీ వేరే కుటుంబం, హిందీ, మరాఠీల వైపు భాష. ప్రభుత్వ లెక్కల్లో కోలాంలు గిరిజనుల్లో కూడా మరీ వెనకబడిన తెగ. ఆఫీసు వాడుకలో పీటీజీ. ఈ మాట మళ్ళీ వస్తుంది.

2017 చివర్లో ఎస్టీ జాబితా మీద ఆదివాసీలకూ లంబాడాలకూ మధ్య జిల్లాలో పెద్ద గొడవ నడిచింది. తెలంగాణలో లంబాడాలను 1976లో ఎస్టీల్లో చేర్చారు, వాళ్ళను తీసేయాలని ఆదివాసీ సంఘాల డిమాండ్. ఏ బడిలో ఏ టీచర్ ఉండాలన్నదాకా ఆ సెగ వచ్చింది. 2022 నాటికి పైకి అంతా మామూలే. పిల్లలు కూర్చునే వరుసల్లో మాత్రం ఆ గొడవ అలాగే ఉంది. నేను ఎవరినీ ఎక్కడ కూర్చోమని చెప్పలేదు. వాళ్ళే కిటికీ పక్కన ఒక వరుస, తలుపు పక్కన ఒక వరుసగా విడిపోయేవారు.

సమస్య

పిల్లవాణ్ణి లచ్చు అంటాను. మూడో తరగతి. రిజిస్టర్లో అతని పేరు లక్ష్మణ్.

జూలై మొదటి వారంలో రెండు రోజులు వరసగా మధ్యాహ్న భోజనం లెక్క తప్పింది. హాజరులో ఉన్నదానికంటే ఒక కంచం ఎక్కువ లేస్తోంది. వంటామె నవ్వుతూ, "సారూ, నీ కాయితంల ఒకడు తక్కువున్నడు" అంది. వెనక్కి వెళ్ళి తల తల లెక్కపెడితే తేలింది. లచ్చు ఎదురుగా కూర్చునే ఉన్నాడు. "లక్ష్మణ్" అని పిలిస్తే పలకలేదు కాబట్టి నేను ఆబ్సెంట్ వేశాను.

బడిబాటలో పేరు రాయించినప్పుడు తండ్రి "లచ్చు" అంటే ఎవరో "లక్ష్మణ్" అని రాశారు. చెడు ఉద్దేశం కాదు, నలుగురిలో పిలవడానికి 'మంచి పేరు' ఉండాలని. నేను కూడా అలా ఒకరిద్దరికి రాసినవాణ్ణే.

మిగతా లక్షణాలు ఇవి. తరగతిలో మాట్లాడడు. బోర్డు మీద ఉన్నది ముత్యాల్లా దించుకుంటాడు, దించుకున్నది చదవమంటే తల వంచుకుంటాడు. పిల్లలకు చదవడం, రాయడం, కనీస లెక్కలు రావాలని ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం పరీక్షలో తెలుగు పదం ఒక్కటీ చదవలేదు. లెక్కల్లో అంకెలిచ్చి కూడమంటే తప్పు లేకుండా చేస్తాడు. "రాము దగ్గర 12 మామిడిపండ్లు ఉన్నాయి" అని మొదలుపెడితే పెన్సిల్ కింద పెట్టేస్తాడు. ఇది పెద్ద క్లూ, అప్పట్లో నేను పట్టించుకోలేదు. ఆటస్థలంలో మాత్రం అరుస్తాడు, పోట్లాడతాడు, ఒకటో తరగతిలో ఉన్న చెల్లెలితో గుసగుసలాడతాడు.

వినికిడి లోపమేమోనని బడికి వచ్చిన ఆరోగ్య పరీక్షల డాక్టర్లకు చూపించాను. చెవులు బాగున్నాయన్నారు. ఇలాంటి పిల్లలకు మొదట 'లర్నింగ్ ప్రాబ్లమ్' అని చీటీ అంటించేయడం మాలో మామూలు. లెక్కలు చూశాక అది నమ్మబుద్ధి కాలేదు. తెలుగు రాకపోవడమే సమస్య అనుకున్నాను. సగం నిజం. మిగతా సగం దగ్గర నాలుగు నెలలు తప్పటడుగులు వేశాను.

మొదటి ప్రయత్నం: ఇంకా తెలుగు

తెలుగు రాకపోతే తెలుగు ఎక్కువ చెప్పాలి, ఇదీ నా లెక్క. లచ్చును ముందు వరుసలోకి మార్చాను. రోజుకు ఐదు బొమ్మ కార్డులు. తెలుగు గడగడా మాట్లాడే ఒక లంబాడా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టాను. గదిలో తెలుగులోనే మాట్లాడాలని అందరికీ ఒక నియమం పెట్టాను. కొట్టలేదు, తిట్టలేదు. అందుకే అది హింస అని నాకు తోచలేదు.

ఒక రోజు గ్లాసులో నీళ్ళున్న కార్డు చూపించి ఇదేంటని అడిగాను. చాలాసేపటికి గొంతు పెగిలింది: "ఏర్."

"ఏరు కాదు, నీళ్ళు. ఏరంటే వాగు కదా," అన్నాను. నా లెక్కన సరిదిద్దాను. గది గొల్లుమంది. ఆ వారమంతా లచ్చు నోరు తెరవలేదు.

గోండీలో ఏర్ అంటే నీళ్ళే. వాడు సరిగ్గానే చెప్పాడు. ఈ సంగతి నాకు ఆగస్టులో తెలిసింది. ఇంకా పెద్ద సంగతి నవంబర్లో తెలిసింది: లచ్చు ఇంట్లో నీళ్ళను ఏర్ అనరు. కోలామీలో అది ఈర్. అంటే ఆ ఎనిమిదేళ్ళవాడు సార్‌ భాష రాక, తన భాష బయటపెట్టడం ఇష్టం లేక, గదిలో ఎక్కువమందికి తెలిసిన మాటను ఎంచుకున్నాడు. అందరిలో కలిసిపోదామని చూశాడు. దాన్నీ నేను తప్పన్నాను.

ఆరు వారాల తర్వాత కార్డుల మాటలు వచ్చాయి, నిజమే. చూపిస్తే చెప్పేవాడు. దానికి మించి ఒక్క మాట లేదు. ఒంటికి పోతానని వేలెత్తడం ఎక్కువైంది.

రెండో ప్రయత్నం: పండగ చేయడం

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. వీడు తన సంస్కృతిని చూసి గర్వపడితే నోరు అదే విప్పుకుంటుందని అనుకున్నాను. గౌరవం దొరికితే మాట వస్తుందన్న ఆలోచనలో ఇప్పటికీ నాకు తప్పు కనబడదు. గౌరవం అంటే నేను అనుకున్నదే తప్పు.

గోండు పిల్లలు తమ గుస్సాడీ నాట్యం వేషం కట్టారు, నెమలి ఈకల టోపీ ఒక ఇంటి నుంచి బతిమాలి తెచ్చాం. లంబాడా అమ్మాయిలు అద్దాల లంగాలతో వచ్చారు. ఆదివాసీ దినం నాడు వాళ్ళెందుకని గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు గొణిగారు. విననట్టు ఊరుకున్నాను. ఇక కోలాంలకు ఏముంది? కోలాంలు వెదురు బుట్టలు అల్లుతారని ఎక్కడో చదివాను. ఒక బుట్ట సంపాదించి లచ్చు చేతిలో పెట్టి వరుస చివర నిలబెట్టాను. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. బొటనవేళ్ళు, చప్పట్లు బాగానే వచ్చాయి.

మర్నాటి నుంచి నాలుగు రోజులు లచ్చు బడికి రాలేదు. ఐదో రోజు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గుమ్మం బయటే నిలబడి, "సారూ, పోరన్ని గట్ల అందరి ముంగట నిలవెట్టకుండ్రి" అంది. కాసేపాగి ఇంకో మాట: "మా ఇంట్ల బుట్టలల్లుడు ఎవలికీ రాదు. మేం పత్తికి పోతం."

ఆ రోజు నాకు మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఆ ఇంటి గురించి నాకు తెలిసింది ఎంత? వాళ్ళ తెగ గురించి పుస్తకంలో చదివింది ఒక వాక్యం. ఆ వాక్యాన్ని పిల్లవాడి చేతిలో పెట్టి ఫొటో తీశాను. గోండు పిల్లలకు ఆ రోజు సరదాగానే గడిచింది, ఎందుకంటే వాళ్ళు పద్నాలుగు మంది. ఒక్కణ్ణే నిలబెడితే ఆ ఒక్కడు మొత్తం తెగకు జవాబు చెప్పాలి.

మూడో ప్రయత్నం: గోండీ

గూడలో, అంటే గోండుల గూడెంలో, డిగ్రీ పూర్తి చేసి ఇంటి దగ్గర ఉన్న ఒక గోండు అమ్మాయి ఆగస్టు చివర్లో రోజూ రెండు గంటలు బడికి వచ్చి గోండీలో చెప్పడానికి ఒప్పుకుంది. బడి బీరువాలో చెదపట్టకుండా మిగిలిన గోండీ వాచకాలు నాలుగు దొరికాయి. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గోండీ, కోలామీ, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ 8 భాషల్లో తెలుగు లిపిలోనే వాచకాలు వేసి బహుభాషా బోధన మొదలుపెట్టారు. ఆ నాటివి ఇవి. అసలు ఈ ఆలోచన అప్పటిది కూడా కాదు. నిజాం కాలంలోనే, 1943లో, ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ పెట్టించి గోండీలో చదువు చెప్పించాడు. కనక నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలో చెప్పమంటుంది. ఒకే గదిలో నాలుగు మాతృభాషలుంటే ఏది అన్నది చట్టం చెప్పదు. ఎక్కువమందిది గోండీ, కోలాం పిల్లలకూ గోండీ వస్తుంది. లెక్క సరిపోయిందనుకున్నాను.

గది మారిపోయింది. ఎప్పుడూ పలకని గోండు అమ్మాయిలు కథలు చెప్పడం మొదలుపెట్టారు. హాజరు పెరిగింది. కథ గోండీలో విని, దాన్నే తెలుగులో రెండు ముక్కల్లో చెప్పడం అక్టోబర్ నాటికి చాలామందికి పట్టుబడింది. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు వచ్చినప్పుడు కూడా మెచ్చుకున్నారు. నేను సంతోషంలో ఉన్నాను. ఆ గోలలో లచ్చు సంగతి నాకు కనబడనే లేదు.

చూసింది గోండీ చెప్పే ఆ అమ్మాయే. "వానికి గోండీ వస్తది సార్, కని వానిది కాదు గద" అంది. పిల్లలు లచ్చు గోండీ యాసను వెక్కిరిస్తున్నారట. జూలైలో తెలుగు ముందు గోండు పిల్లలూ వెనకబడే ఉన్నారు, లచ్చు ఆ గుంపులో ఒకడు. ఇప్పుడు గోండు పిల్లలు ముందుకు పోయారు, తెలుగు వచ్చిన లంబాడా పిల్లలు ఎప్పుడూ ముందే. వెనక మిగిలింది వాడొక్కడే. మంచి పద్ధతే, ఎక్కువమందికి పనికొచ్చిందే. ఆ పద్ధతే వాణ్ణి ఇంకా ఒంటరిని చేసింది.

అదే రోజుల్లో ఏదో పథకానికి జాబితా పంపమన్నారు. పని తొందరలో గదిలోనే "పీటీజీ వాళ్ళు చేతులెత్తండి" అన్నాను. మూడు చేతులు లేచాయి. లచ్చు చెయ్యి చెవి దాకా వచ్చి ఆగింది. వారం తిరగకముందే ఆటస్థలంలో ఒక కేక వినబడింది: "ఏయ్ పీటీజీ, బాల్ ఇటెయ్!"

ఎక్కడ పొరపాటు జరిగింది

దీపావళికి గూడ మొత్తం దండారీకి, అంటే గోండుల నాట్యాల పండక్కి, పోయింది, బడి దాదాపు ఖాళీ. ఆ ఖాళీలో కూర్చుని ఒక కాగితం మీద లచ్చుకు ఈ గదిలో ఉన్న పేర్లన్నీ రాశాను. లక్ష్మణ్. కోలాం. బుట్టలవాడు. పీటీజీ. తొలిమెట్టు పరీక్ష తర్వాత వేసిన అడుగు గ్రూపు పిల్లవాడు. ఐదు పేర్లు. ఇందులో వాడు తనకు తాను పెట్టుకున్నది, ఇంట్లో పిలిచేది ఒక్కటీ లేదు. రిజిస్టర్ పేరు ఎవరో రాసింది, దాన్ని రోజూ పిలిచింది నేను. మిగతా నాలుగూ నేరుగా నావే.

మనం పాఠం చెప్పే పద్ధతి ఎంచుకున్నప్పుడు పిల్లవాడు ఎవరో కూడా చెప్పేస్తున్నాం. తెలుగు మాత్రమే అన్నప్పుడు 'నువ్వు రానివాడివి' అన్నాను. పండగ చేసినప్పుడు 'నువ్వు మీ తెగ బొమ్మవి' అన్నాను. గోండీ తెచ్చినప్పుడు 'నువ్వు వాళ్ళలో ఒకడివే, సర్దుకో' అన్నాను. మొదటిది కఠినం, తర్వాతి రెండూ మెత్తన. వాడి నోరు మూతబడటంలో మాత్రం తేడా లేదు.

నేను బళ్ళో చదువుకున్నప్పటి సంగతి ఒకటి అప్పుడే గుర్తొచ్చింది. నాది కరీంనగర్ వైపు పల్లె. ఇంట్లో అంగి, బళ్ళో చొక్కా. నాలుగో తరగతిలో 'అంగి' అని రాస్తే ఎర్ర ఇంకుతో గీత పడింది. ఆ గీత సంగతి లచ్చును చూసేదాకా మర్చిపోయాను.

పనికొచ్చినవి

నవంబర్లో మొదట పేర్లు. గదిలో ప్రతి ఒక్కరినీ "నిన్ను ఏమని పిలవాలి?" అని అడిగాను. లచ్చును ఒక్కణ్ణే అడిగితే అది మళ్ళీ నిలబెట్టడమే అవుతుంది, అందుకే 27 మందినీ అడిగాను. తొమ్మిది మంది రిజిస్టర్లో లేని పేరు చెప్పారు. హాజరు పట్టీలో పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను. లచ్చు అడిగిన రోజు చెప్పలేదు. రెండో రోజు పక్కవాడు చెప్పాడు, వీడు కాదనలేదు. జాబితాల కోసం చేతులెత్తించడం మానేసి పాత రికార్డులు చూసుకుని రాశాను. అరగంట ఎక్కువ పట్టింది, అంతే. అడుగు గ్రూపు, పై గ్రూపు అని విడిగా కూర్చోబెట్టడం లెక్కల పీరియడ్‌లో తీసేశాను, ఎందుకంటే లెక్కల్లో లచ్చు అడుగువాడు కాదు.

తర్వాత గోడ. తెల్ల చార్టు మధ్యలో నీళ్ళ గ్లాసు బొమ్మ అంటించాను. గడులు గీయలేదు. గోండీ గడి, కోలామీ గడి అని గీస్తే ఏ మాట ఎవరిదో చీటీ అంటించినట్టే కదా. బొమ్మ చుట్టూ ఎక్కడైనా రాయొచ్చు, రాయకపోయినా ఫర్వాలేదు. అడిగేటప్పుడు 'మీవాళ్ళు ఏమంటారు' అన్న మాట నోట్లోకి రానివ్వలేదు. 'మీ ఇంట్లో ఏమంటారు' అనే అడిగాను. చిన్న తేడాలా ఉంటుంది. ఇంటి గురించి పిల్లవాడికి తెలుసు, తెగ గురించి తెలియాల్సిన పని లేదు. ముందు నేనే మొదలుపెట్టాను, నీళ్ళు కాదు, చొక్కా బొమ్మతో. 'అంగి' అని రాసి ఎర్రగీత కథ చెప్పాను. సార్‌కూ ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట ఉంటాయని వాళ్ళకు అదే మొదటిసారి తెలియడం. తెగ నవ్వారు.

గ్లాసు చుట్టూ ఏర్, పాణి, నీళ్ళు వచ్చేశాయి. పాణి విషయంలో తండా పిల్లలకూ మరాఠీ పిల్లలకూ ఎవరిదని చిన్న తగువు, రెండిళ్ళదీ అని తేల్చారు. మూడో రోజు భోజనాల వేళ నేను గది బయట చేతులు కడుక్కుంటున్నాను. కిటికీలోంచి చూస్తే లచ్చు ఒక్కడే లోపల ఉన్నాడు. అటూ ఇటూ చూసి స్కెచ్ పెన్ తీసి చార్టు కింది మూలన ఏదో రాసి పరుగెత్తాడు. వెళ్ళి చూశాను. చిన్న అక్షరాలు: ఈర్.

శభాష్ అని పిలిచి వీపు తట్టాలని చేతులు దురద పెట్టాయి. ఆపుకున్నాను. మెచ్చుకోవడం కూడా ముందుకు పిలిచి నిలబెట్టడమే. ఆ మాట ఎవరు రాశారో వాడే చెప్పుకునేదాకా నాకు తెలియనట్టు ఉండాలనుకున్నాను.

మర్నాడు ఐదో తరగతి అమ్మాయి చూసి, "ఈర్ ఎవలది?" అంది. జవాబు లేదు. నేను బోర్డు మీద 'నీరు' అని రాసి, 'నీ'ని చెరిపి అక్కడ 'ఈ' పెట్టాను. ఈరు. దాని పక్కన 'ఏరు', 'ఏర్' రాశాను. ఈర్ మన నీరుకు చుట్టమని, ఏర్ మన ఏరుకు చుట్టమని చెప్పాను. భాషలు చదివినవాళ్ళు చెప్పేదీ అదే. తర్వాత ఇంకొకటి చెప్పాను: "జూలైలో ఒకరు ఏర్ అంటే నేను తప్పన్నాను. తప్పు నాది. నాకు గోండీ రాదు." ఎవరి పేరూ చెప్పలేదు. లచ్చు పుస్తకంలో తల పెట్టుకునే ఉన్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అప్పటి నుంచి ఒక షరతు పెట్టుకున్నాను. గోడ మీదికి వచ్చిన మాట ఆ రోజు పాఠంలో పనిచేయాలి. పని లేకపోతే సేకరించొద్దు. లేకపోతే గోడ మళ్ళీ ఆగస్టు 9 అవుతుంది. లెక్కల కథల్లో మామిడిపండ్ల రామును తీసేసి, ఎవరి ఇంటి మాటతోనైనా కథ చెప్పి, అంకెలు తెలుగులో రాయించాను. లచ్చుకు లెక్క రాకపోవడం కాదు, రాము దగ్గరే అడ్డం పడుతోందని జూలైలోనే తెలుసుకోవాల్సింది.

డిసెంబర్లో పుల్లల కట్టలతో పదులు, ఒకట్లు చెప్తున్నాం. గోండు పిల్లలు ఉండి, రండ్, మూంద్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్ అని పాడుతూ లెక్కపెడుతున్నారు. కోలామీలో నాలుగు దాకా సొంత మాటలు, ఐదు నుంచి తెలుగుకు దగ్గర. లచ్చు తన కట్ట తాను లెక్కపెట్టుకుంటూ పైకే "ఐద్, ఆర్" అన్నాడు. అని ఆగి, నా మొహం చూసి, "సార్, మీది మాది ఒక్కటే!" అన్నాడు.

తరగతిలో వాడి నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. ఐదో తరగతి వాడొకడు "సార్ కోలాం, సార్ కోలాం" అని అందుకున్నాడు. గదంతా నవ్వింది. లచ్చు కూడా నవ్వాడు. ఆ గదిలో కోలాం అన్న మాట వెక్కిరింతగా కాకుండా వినబడటం నాకు తెలిసి అదే మొదలు.

మిగతాది వేగంగా జరగలేదు. జనవరిలో నాగోబా జాతరకు వెళ్ళొచ్చి వాడు నాలుగు వాక్యాల్లో చెప్పాడు, రెండు తెలుగు, రెండు గోండీ. మార్చికి చిన్న పేరా నెమ్మదిగా చదివేవాడు. కథ లెక్కలు నేను చదివి వినిపిస్తే చేసేవాడు, తానుగా చదివి చేయడం నాలుగో తరగతిలో వచ్చింది.

పని చేయనివి, తేలనివి

ఆటస్థలంలో గోండు అబ్బాయిల ముందు లచ్చు కోలామీ మాట్లాడటం నేను ఇప్పటికీ వినలేదు. చెల్లెలితో మాట్లాడుతూ ఎవరైనా దగ్గరికొస్తే గోండీలోకి మారిపోతాడు. ఇది సిగ్గా, తెలివా అని చాలాసార్లు ఆలోచించాను. తెలివే ఎక్కువేమో. ఎక్కడ ఎవరుగా ఉండాలో వాడే చూసుకుంటున్నాడు. దాన్ని 'సరిచేయాలని' చూస్తే అది ఇంకో ప్రయోగం అవుతుంది.

కిటికీ వరుస, తలుపు వరుస కలవలేదు. గోడ మీద పాణి, ఏర్ పక్కపక్కనే ఉన్నాయి, రాసిన పిల్లలు మాత్రం విడిగానే కూర్చున్నారు. పెద్దల మధ్య ఉన్నదాన్ని చార్టుతో తీసేయొచ్చనుకోవడం అమాయకత్వం.

లచ్చు తండ్రి ఈ గోడ సంగతి విని పెద్దగా సంబరపడలేదు. "కోలామీ ఇంట్ల వస్తది సారు, మీరు ఇంగ్లీష్ చెప్పుండ్రి" అన్నాడు. న్యాయమైన మాట. మాతృభాష గొప్పదనం గురించి ఆయనకు ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకు లేదు, నా పిల్లలు చదివేది ఇంగ్లిష్ మీడియంలోనే. గోడకు రోజూ పది నిమిషాలే కేటాయిస్తున్నానని, మిగతా టైమంతా పుస్తకానికేనని లెక్క చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు.

అసలు వాదన గోండీ చెప్పిన అమ్మాయితో. నాలుగు భాషల గోడ ఆమెకు నచ్చలేదు. "గోండీకే దిక్కు లేదు సార్. ఉన్న నాలుగు పుస్తకాలు మీకు బీరువాల దొరికినయి. ఇప్పుడు దాన్ని గూడ నాలుగు ముక్కలు జేసి అన్నీ సమానమంటే, రేపు ఏదీ మిగలది. తెలుగు ఒక్కటే మిగుల్తది" అంది. ఒక భాష నిలబడాలంటే పాఠాలు, పుస్తకాలు, గంటలు కావాలి, గోడ మీద ఒక మాట చాలదు. ఆమె చెప్పింది నిజం. ఆ గదిలో లచ్చు ఉన్నాడన్నదీ నిజం. గోండీ కథల గంట ఆపలేదు, వారానికి మూడు రోజులు చేశాం. ఆ గంటలో కోలాం పిల్లలకు ఏం చేయాలన్నదానికి మంచి జవాబు మా ఇద్దరికీ దొరకలేదు. కోలామీ వాచకం కోసం మా స్కూల్ కాంప్లెక్స్‌లోని చుట్టుపక్కల బడులన్నీ వెతికాం, దొరకలేదు.

ఇప్పుడు జూన్‌లో కొత్త పిల్లలు వస్తే నేను చేసే పనులు తక్కువే. పలకని పేరుకు ఆబ్సెంట్ వేసేముందు తలలు లెక్కపెడతాను. ఒక వారం ఏమీ నేర్పకుండా ఆటస్థలంలో ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారో రాసుకుంటాను. ఆ కాగితం ఏ బేస్‌లైన్ పరీక్ష కంటే ఎక్కువ చెప్తుంది. తప్పనిపించిన జవాబును సరిదిద్దేముందు అది వేరే భాషలో ఒప్పేమో అని ఎవరినైనా అడుగుతాను. అన్నిసార్లూ గుర్తుండదు.

లచ్చు 2025 ఏప్రిల్‌లో ఐదో తరగతి పూర్తి చేశాడు. ఆశ్రమ పాఠశాలకు టీసీ రాస్తూ పేరు దగ్గర ఆగాను. రిజిస్టర్లో ఉన్నదే రాయాలి, పేరు మార్పుకు కావలసిన కాగితాలు వాళ్ళింట్లో లేవు. లక్ష్మణ్ అనే రాశాను. చేతికిస్తూ, "అక్కడి సార్‌కు నీ పేరేమని చెప్తావురా?" అని అడిగాను.

టీసీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటూ, "ఆడ కోలాం పోరలున్నరా సార్?" అన్నాడు.

నాకు తెలియదన్నాను.